ఇరవయ్యా? అరవయ్యా?

రేడియోలో గరగర మధ్య ‘ఇరవై’ అన్నా ‘అరవై’ అన్నా ఒకలాగే వినిపిస్తుంది. ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ల ముందు అక్షరాలు హోరులో కొట్టుకుపోతే చెవిన పడేది ‘మిది’ ఒక్కటే. తుపాను రాత్రి ఒక లంక గ్రామం అరవై భోజనం పొట్లాలు కావాలని చెబితే, అవతల రాసుకున్న మనిషి ఇరవై అని వేసుకుంటే, నలభై మంది పస్తుంటారు. హామ్ రేడియో అనగానే, అంటే లైసెన్స్ తీసుకుని అభిరుచి కొద్దీ నడిపే అమెచ్యూర్ రేడియో అనగానే, మన దగ్గర మాటలన్నీ సెట్ల మీదికి, యాంటెన్నాల మీదికి పోతాయి. అవి డబ్బు పెడితే వస్తాయి. ఒకరు చెప్పిన సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, ఆ కాగితంలో ఉన్నదే తరవాతి స్టేషన్‌కు అందించే అలవాటు మాత్రం డబ్బుకు రాదు. తుపాను హెచ్చరిక వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు.

నవంబరు 19 దగ్గర పడుతోంది. 1977లో ఆ రోజున దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సర్కారు లెక్కలోనే మృతులు సుమారు పది వేలు. తీగలు, రోడ్లు ఒక్కసారే తెగిపోవడంతో లోపల ఏం జరిగిందో బయటి లోకానికి వెంటనే తెలియలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయిగా అనేవారికి 2014 అక్టోబరు 12 గుర్తు చేయాలి. హుద్‌హుద్ తాకిడికి విశాఖపట్నం అంత నగరంలోనే కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. టవర్ కూలకపోయినా దాని బ్యాటరీ కొన్ని గంటలకే అయిపోతుంది. జనరేటర్‌కు డీజిల్ మోసుకెళ్లాలంటే రోడ్డుకు అడ్డంగా చెట్లుంటాయి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందంతో ఆమె అండమాన్ వెళ్లింది ఇంకో పని మీద. ఏళ్ల తరబడి హామ్ ప్రసారాలే లేని ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి. భూమి కంపించాక అదే సెట్టు దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబుర్లు మోసింది. సెట్టు, ఆపరేటర్ ముందే అక్కడ ఉండటం అదృష్టం. తూర్పు తీరంలోని జిల్లాలు ఏటా అలాంటి అదృష్టాన్నే నమ్ముకుని కూర్చోవడం తగదు.

ఈ పనిని నిత్యకృత్యం చేసుకున్నవారు అమెరికా హామ్‌లు. 1914లో కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో ఉండే హిరమ్ పెర్సీ మాక్సిం, స్ప్రింగ్‌ఫీల్డ్‌కు సందేశం పంపాలనుకున్నారు. ఆయన సెట్టు అంత దూరం అందుకోలేకపోయింది. దారిలోని విండ్సర్ లాక్స్‌లో ఒక హామ్ అందుకుని ముందుకు పంపారు. ఆ ఏడాదే పుట్టిన సంఘానికి పేరే ‘అమెరికన్ రేడియో రిలే లీగ్’. 1949లో ఆ సంఘం నేషనల్ ట్రాఫిక్ సిస్టమ్‌ను నెలకొల్పింది. స్థానిక నెట్‌లో, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో వేళకు కలిసే హామ్‌ల కూటమిలో, పోగైన సందేశాలను ఒక ప్రతినిధి స్టేషన్ రాష్ట్ర స్థాయి నెట్‌కు తీసుకెళుతుంది. అక్కడి నుంచి ఇంకొకరు ప్రాంతీయ నెట్‌కు. గమ్యం దగ్గర పడేకొద్దీ మళ్లీ అదే వరుసలో కిందికి దిగి, చివరి హామ్ ఫోన్ చేసో తలుపు తట్టో సందేశం అప్పగిస్తారు. ఎవరికీ పైసా ముట్టదు, చట్టమే ఒప్పుకోదు. మామూలు రోజుల్లో ఆ నెట్‌లలో నడిచేవి చాలావరకు పుట్టినరోజు శుభాకాంక్షలు, క్షేమ సమాచారాలు. ఈమెయిల్ కాలంలో ఇదేం చాదస్తమని నవ్వొచ్చు. కానీ ఆ శుభాకాంక్షల మీదే వాళ్ల చేతులు సాధన చేస్తాయి.

మన చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. మన అమెచ్యూర్ సర్వీస్ నిబంధనలు 1978 నాటివి. హామ్ కాని మూడో మనిషి సందేశాన్ని అవి మామూలు రోజుల్లో మోయనివ్వవు. భూకంపం, తుపాను, వరద వంటి విపత్తులో సాధారణ సమాచార వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు మాత్రమే, అదీ అధికార యంత్రాంగానికి సంబంధించిన సందేశాలకే వెసులుబాటు. అంటే మన హామ్ మొదటి అసలు సందేశాన్ని రాసుకునేది ప్రళయం మధ్యలో. వాయించడం మొదలుపెట్టిన రోజే కచేరీ చేయమన్నట్టుంది ఇది. 2003 ప్రపంచ రేడియో సదస్సు, విపత్తు సాయానికి అమెచ్యూర్ స్టేషన్లు ముందుగా సన్నద్ధమయ్యేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని అంతర్జాతీయ రేడియో నియమావళిలోనే చేర్చింది. పంచాయతీ కార్యదర్శో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారో రాసిచ్చిన అభ్యాస సందేశాలను వారానికి ఒకసారి నెట్‌లో నడపడానికి టెలికాం శాఖ అనుమతిస్తే, దేశ భద్రతకు వచ్చే ముప్పేమీ లేదు. అనుమతి వచ్చేలోపు హామ్‌లు తమలో తాము నడుపుకోవడానికి ఇప్పుడు కూడా అడ్డులేదు. ప్రతి సందేశం మొదట్లోనూ చివరా ‘ఇది అభ్యాసం’ అని చెబితే చాలు, వినేవాళ్లు హడలిపోరు.

సందేశం ఎలా ఉండాలి? రేడియోగ్రామ్ (రేడియో మీద పంపే టెలిగ్రామ్ లాంటిది) పద్ధతిలో మొదట వరుస సంఖ్య, ప్రాధాన్యం, మొదట పంపిన స్టేషన్ కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు), మాటల లెక్క, ఊరు, సమయం, తేదీ. తరవాత చిరునామా, సందేశం, సంతకం. సందేశం పాతిక మాటలు దాటకూడదు. ఊహకు ఒకటి: ‘తుపాను కేంద్రంలో 340 మంది ఉన్నారు తాగునీరు ఈ సాయంత్రం వరకే ఇద్దరు గర్భిణులను ఆసుపత్రికి తరలించడానికి పడవ పంపండి’. లెక్క 15. అవతలివాళ్లు రాసుకున్నాక లెక్కపెడితే 14 వచ్చిందంటే ఎక్కడో ఒక మాట జారింది. అప్పుడు మొత్తం మళ్లీ చదివించుకోనక్కర్లేదు. ‘తాగునీరు తరవాత ఉన్నదంతా మళ్లీ’ అని అడిగితే సరిపోతుంది.

తెలుగులో ఈ లెక్కకు ఒక తిరకాసుంది. ‘నీళ్లు వచ్చాయి’ రెండు మాటలు, ‘నీళ్లొచ్చాయి’ ఒకటి. పంపినవారు విడదీసి రాసి, అందుకున్నవారు చెవిన పడ్డట్టు కలిపి రాస్తే లెక్క తప్పుతుంది, ఏ తప్పూ లేకపోయినా రెండు స్టేషన్లు పది నిమిషాలు వెతుక్కుంటాయి. సంధి కలపకుండా విడదీసి చదవాలని, ఖాళీ ఉన్నచోటే మాట ముగిసినట్టని ముందే ఒప్పందం ఉండాలి. అంకెలను విడివిడిగా పలకాలి. అరవై అని ఊరుకోకుండా ‘అరవై, అంకెల్లో ఆరు సున్నా’ అనాలి. భద్రాచలం దగ్గర గోదావరి 43, 48, 53 అడుగులకు ఒక్కో ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. అక్కడ ఒక్క అంకె తేడా వస్తే ఖాళీ చేయాల్సిన ఊళ్ల జాబితాయే మారిపోతుంది. ఊరి పేరు చెబితే మండలం పేరూ చెప్పి తీరాలి. కొత్తపల్లులు, రామాపురాలు ఎన్ని లేవు! సమయం విషయంలో ఇంకో ప్రమాదం. హామ్‌లకు లాగ్ పుస్తకంలో అంతర్జాతీయ సమయం వేసే అలవాటుంటుంది. అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. రెవెన్యూ అధికారికి వెళ్లే సందేశంలో మన గడియారమే ఉండాలి, ఉన్నట్టు రాయాలి కూడా.

‘రోజర్’ అన్న మాటను సినిమాలు పాడుచేశాయి. దానికి సరే అని అర్థం కాదు, ఒప్పుకున్నానని కాదు. మొత్తం సందేశం కాగితం మీదికి ఎక్కింది, లెక్క సరిపోయింది అని. సగం విని రోజర్ అనేవాళ్ల కంటే మూడుసార్లు అడిగే విసుగు మనిషే నెట్‌కు కావాలి. మధ్యలో సొంత తెలివి చూపించడం ఇంకా చేటు. ‘పడవ పంపండి’ని ‘సాయం కావాలట’ అని కుదించి చెబితే అవతల అంబులెన్స్ బయల్దేరుతుంది.

దివిసీమనే తీసుకుందాం. నాగాయలంక నుంచి మచిలీపట్నం గగన మార్గాన సుమారు 35 కిలోమీటర్లు. డెల్టా అంతా బల్లపరుపు, యాంటెన్నా ఎక్కించడానికి విశాఖలో ఉన్నట్టు కొండ లేదు. చేతి సెట్లు వాడే 145 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళతాయి. రెండు వైపులా 12 మీటర్ల ఎత్తులో యాంటెన్నాలుంటే 28 కిలోమీటర్ల వరకు లెక్క కుదురుతుంది, 35 కావాలంటే 20 మీటర్ల స్తంభాలు ఎత్తాలి. తుపాను గాలిలో 20 మీటర్ల స్తంభం నిలవడం కష్టం. కాబట్టి మధ్యలో చల్లపల్లిలో ఒక రిలే స్టేషన్ పెట్టడం తెలివైన పని. ఎదురుమొండి దీవుల నుంచి చేతి సెట్టుతో నాగాయలంకకు, అక్కడి నుంచి చల్లపల్లికి, ఆ తరవాత మచిలీపట్నం కలెక్టరేట్‌కు. ప్రతి మజిలీలో కాగితం మీద రాసుకునే మనిషి ఒకరు, మైకు పట్టుకునే మనిషి ఇంకొకరు ఉంటే మంచిది. రెండు పనులూ ఒకరే చేస్తే నాలుగో గంటకు తప్పులు మొదలవుతాయి. అందరూ రిపీటర్ (అందుకున్న మాటను తనంతట తానే మళ్లీ ప్రసారం చేసే యంత్రం) మీదే ఆధారపడితే, దాని బ్యాటరీ చచ్చిన క్షణాన నెట్ మొత్తం పడిపోతుంది. రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడే ఫ్రీక్వెన్సీ ఏదో ముందే కాగితం మీద ఉండాలి.

మచిలీపట్నం దాటి విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్లాలంటే 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కావాలి. మన ప్రాంతానికి అత్యవసర కేంద్ర ఫ్రీక్వెన్సీ 7.110. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు యాంటెన్నాను వీలైనంత ఎత్తులో కట్టడం. ఒక్కోవైపు పది మీటర్ల తీగ ఉన్న డైపోల్‌ను (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నాను) నాలుగైదు మీటర్ల ఎత్తులోనే, నేలకు సమాంతరంగా కడితే తరంగం నిట్టనిలువుగా పైకి వెళ్లి, ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరను తాకి చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్లలో వానలా కురుస్తుంది. భద్రాచలం మన్యంలో కొండలు అడ్డొచ్చే చోట కూడా ఇదే దారి. అయితే రాత్రి పొద్దుపోయేకొద్దీ ఆ పొర పలచబడి 7 మెగాహెర్ట్జ్ తరంగాన్ని తిప్పి పంపలేని స్థితి రావచ్చు. దూరాన ఉన్న ఢిల్లీ బాగా వినిపిస్తుంది, పక్క జిల్లా వినిపించదు. సెట్టు పాడైందనుకుని దాన్ని విప్పేవాళ్లున్నారు. 3.6 మెగాహెర్ట్జ్‌కు దిగితే సరిపోతుంది. దానికి మొత్తం నలభై మీటర్ల తీగ కావాలి, ఆ తీగ ముందే కోసి చుట్టి పెట్టుకుని ఉండాలి.

మిగిలినవి చిన్న విషయాలే, పీకల మీదికి తెచ్చేవీ అవే. సెట్టు నుంచి యాంటెన్నాకు సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర శక్తిలో ముప్పావు వంతు దారిలోనే ఆవిరి. 50 వాట్ల సెట్టు కొని పన్నెండు వాట్లు పైకి పంపుతున్నట్టు. లావు కేబుల్ ఆర్‌జీ-213 అయితే సగం మిగులుతుంది. కనెక్టర్‌కు తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టకపోతే ఉప్పు గాలి ఒక్క వర్షాకాలంలో రాగిని పచ్చగా మార్చేస్తుంది. కేబుల్ గదిలోకి వచ్చేచోట కిందికి ఒక వంపు వదలాలి, లేకపోతే వాన నీరు కేబుల్ వెంటే జారి సెట్టు మీదికి దిగుతుంది. గాలి తీవ్రం కాకముందే యాంటెన్నా దించి లోపల పెట్టుకుని, తుపాను దాటాక మళ్లీ ఎత్తాలి. నిలబెట్టి ఉంచిన యాంటెన్నా ఎగిరి కరెంటు తీగల మీద పడితే ప్రాణాలకే ముప్పు.

బ్యాటరీ లెక్క కూడా పెన్నుతో వేసుకోవాల్సిందే. వంద వాట్ల సెట్టు వినేటప్పుడు ఆంపియరున్నర, మాట్లాడేటప్పుడు సగటున పది లాగుతుందనుకుందాం. గంటలో అయిదో వంతు మాట్లాడితే సగటు మూడు ఆంపియర్లకు కొంచెం పైన. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి. అంటే పదిహేను గంటలు. ఓల్టేజి పడిపోతే మన గొంతు అవతల బొంగురుగా వినిపిస్తుంది, మనకు మాత్రం అంతా బాగానే ఉన్నట్టుంటుంది. పవర్ ముప్పై వాట్లకు తగ్గించుకుంటే ఇంకో పూట గడుస్తుంది.

నెట్ నడిపే కంట్రోల్ స్టేషన్‌కు అధికారం లేకపోతే ఇవేవీ పనికిరావు. ముందు అత్యవసరం ఉన్నవాళ్లను పిలవడం, ఎవరి దగ్గర ఎక్కడికి ఎన్ని సందేశాలున్నాయో జాబితా వేసుకోవడం, ఇచ్చేవారినీ పుచ్చుకునేవారినీ జత చేసి పక్క ఫ్రీక్వెన్సీకి పంపడం దాని పని. సాయం చేస్తామంటూ దూరాల నుంచి పిలిచే ఉత్సాహవంతులే ఒక్కోసారి నెట్‌ను ముంచుతారు. వింటూ మౌనంగా ఉండటమే వాళ్లు చేయగల సాయం. ఇంకో నియమం కఠినమైనది. హామ్ బ్యాండ్‌లో మాట దాచడానికి రహస్య సంకేతాలు వాడకూడదు, ఏ మాటైనా ఎవరైనా వినవచ్చు. అందుకే మృతుల పేర్లు కుటుంబానికి తెలియకముందు గాలిలోకి వదలకూడదు.

పోలీసు వైర్‌లెస్ ఉంది, శాటిలైట్ ఫోన్లు ఉన్నాయి కదా అని అధికారులు అనడం సహజం. ఉన్నాయి, ముందు అవే వాడాలి. పోలీసు వైర్‌లెస్ పోలీసు పనితోనే నిండిపోతుంది, శాటిలైట్ ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. తాగునీరు, మందులు, పడవలు, తుపాను కేంద్రాల్లో తల లెక్క వంటి వందలాది చిన్న సందేశాలకు వాటిలో చోటుండదు.

తీర జిల్లాల కలెక్టర్లు ఈ నవంబరు 19న ఒక పని చేయించాలి. కలెక్టరేట్ మేడ మీద యాంటెన్నాకు శాశ్వతంగా ఒక చోటు, కంట్రోల్ రూమ్‌లో హామ్‌కు ఒక బల్ల, బ్యాటరీ పాయింటు కేటాయించాలి. ఆ ఉదయం సెల్‌ఫోన్లు ముట్టుకోకుండా ఎదురుమొండి నుంచి, సొర్లగొంది నుంచి పది చొప్పున అభ్యాస సందేశాలు బయల్దేరాలి. అవి మచిలీపట్నం బల్ల మీదికి ఎన్ని నిమిషాల్లో, ఎన్ని తప్పులతో చేరాయో, తిరుగు జవాబు ఆ ఊరికి ఎప్పుడు అందిందో సాయంత్రానికల్లా ప్రకటించాలి.