స్తంభమెక్కి కూర్చున్న డబ్బాగారికి

మహారాజశ్రీ స్తంభం మీది టెలికాం డబ్బాగారి సముఖానికి, నిచ్చెన కింద నిలబడి రాసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీ కుశలం ఏపాటిదో నిన్ననే చూశాను. తలుపు తెరవగానే గ్లాసెడు నీళ్లు నా మోచేతి మీదుగా చొక్కాలోకి దిగాయి. అదే తలుపు మీద ‘ఐపీ 66’ అన్న స్టిక్కరు మాత్రం చెక్కుచెదరలేదు. మొదటి 6 అంటే దుమ్ము దూరదని, రెండో 6 అంటే నీళ్లు గట్టి ధారతో కొట్టినా లోపలి సామానుకు హాని ఉండదని. అబద్ధమేం కాదు లెండి. ల్యాబులో పరీక్ష పెట్టిననాడు రబ్బరు ప్యాకింగు కొత్తది, తలుపు బిగుతుగా పడింది, మీ ఒంటి మీద అదనంగా ఒక్క చిల్లూ లేదు. ఆ తర్వాత ఎవరో మహానుభావుడు మీ నడినెత్తిన డ్రిల్లు పెట్టి కేబులు పైనుంచి దించాడు. దాంతో రెండు ఆరులూ సున్నాలయ్యాయి.

కేబులును అడుగు నుంచి, గ్లాండు (కేబులు చుట్టూ బిగుసుకుని నీటిని ఆపే బిరడా) వేసి తీసుకోవాలి. లోపలికి పోయే ముందు అది కాస్త కిందికి వేలాడి, మళ్లీ పైకి తిరగాలి. అప్పుడు కేబులు వెంట జారుకుంటూ వచ్చిన వాన నీరు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతుంది. నీటికి మెట్లెక్కడం రాదు. ఇందుకు మహా అయితే అరమీటరు కేబులు ఎక్కువ పడుతుంది. ఆ అరమీటరు ఆదా చేసినాయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకున్నాడో ఒకసారి అడగాలని ఉంది.

కారుతోందని తెలిశాక ఇంకొకాయన వచ్చాడు. ట్యూబుడు సిలికాన్ తెచ్చి మీకు పులిమాడు. పుల్లటి వాసన వచ్చే రకం. ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లానిది ఆ పులుపు, రాగికి పడదు. మీ లోపలి టెర్మినళ్లకు పట్టిన పచ్చటి చిలుములో దాని వాటా కూడా ఉంది. అంతటితో ఆగాడా? అడుగున నీళ్లు పోవడానికని కంపెనీవాళ్లే పెట్టిన చిన్న రంధ్రం కనిపించింది. దొంగ దొరికాడనుకుని దాన్నీ మూసేశాడు. నీళ్లు వచ్చే దారి అలాగే ఉంది, పోయే దారి మూతపడింది. ఆనాటి నుంచి మీరు డబ్బా ఉద్యోగం మాని ట్యాంకు ఉద్యోగంలో చేరారు.

నెత్తిన చిల్లు లేకపోయినా మీకు చెమట తప్పేది కాదనుకోండి. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి వేడెక్కి సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే అవే సందుల్లోంచి తేమగాలి లోపలికి వస్తుంది, గోడల మీద బొట్లు కడుతుంది. అంటే రోజుకోసారి ఊపిరి పీల్చి వదులుతారన్నమాట. అందుకే గాలిని పోనిచ్చి నీటిని ఆపే బ్రీదర్ అని ఒకటి పెడతారు. మీకూ ఉంది. దాని మీదా సిలికానే.

ఆ ఎండలోనే మీ కడుపులో బ్యాటరీ కూడా ఉడుకుతోంది. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును మామూలుగా 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని మా వాళ్ల మోటు లెక్క. మీకు ఎండ ఆపే కప్పు లేదు, నీడ లేదు, పైగా పడమటి ముఖం. ఆ బ్యాటరీ ఏ పాపం చేసుకుందో!

అయినా మిమ్మల్ని అని లాభం లేదు, వంశంలోనే ఉంది. చరిత్ర తవ్వితే అమెరికాలో అసలు స్తంభం ఎక్కడమే ఒక ఓటమిలోంచి పుట్టింది. 1844 మే నెలలో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు టెలిగ్రాఫ్ సందేశం పంపిన లైను ఉంది చూశారూ, దాన్ని ముందు సీసపు గొట్టంలో పెట్టి భూమిలోనే పాతడం మొదలుపెట్టారు. లోపలి తీగల ఇన్సులేషన్ దెబ్బతిని పని చెడింది. చేతిలో డబ్బు కరిగిపోతోంది. ఇక లాభం లేదని స్తంభాలు పాతి తీగలు పైన లాగేశారు. ‘ఇప్పటికిలా కానిద్దాం’ అన్న మాట మీ ఇంటిపేరు అయింది అప్పుడే.

మిమ్మల్ని ఎక్కించింది కూడా ఆ మాటతోనే. ఆ రోజు నేను లేను. అయినా మీ ఒంటి మీది గుర్తులు చూసి ఏం జరిగిందో చెప్పగలను.

మీ కింది మూలకు సొట్ట ఉంది, దానికెదురుగా స్తంభం మీద మీ రంగు గీరుకుని ఉంది. అంటే కప్పీ కట్టి తాడుతో లాగలేదు, ఒకాయన భుజాన వేసుకుని నిచ్చెనెక్కాడు. అదీ బ్యాటరీ లోపల ఉండగానే. ఎక్కేవాడికి రెండు కాళ్లూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ ఆనుకుని ఉండాలని మొదటి రోజే నేర్పుతారు. మీరు భుజం మీద కూర్చున్నాక ఆయనకు మిగిలింది ఒక చెయ్యి. ఆ ఒక్కటీ మెట్టు వదిలి పై మెట్టు పట్టుకునే క్షణంలో దేవుడే దిక్కు. ఖాళీ డబ్బాను తాడుతో లాగి, ఊగకుండా కింద ఒకరు ఇంకో తాడు పట్టుకుని, బిగించాక బ్యాటరీని విడిగా పంపితే పావుగంట ఎక్కువ పట్టేది.

నిచ్చెన కాళ్లు నేలలో దిగిన గుంటలు స్తంభానికి మరీ దగ్గరగా ఉన్నాయి. నాలుగు మీటర్ల ఎత్తున ఆనించే నిచ్చెనకు కింద ఒక మీటరు దూరం ఇవ్వాలి. ఇక్కడ ఇచ్చింది జానెడు. వెనక్కి పడకుండా దిగాడంటే అదృష్టవంతుడు.

హార్నెస్ (పడిపోకుండా ఒంటికి తొడుక్కునే పట్టీలు) సంగతి మాత్రం గుర్తులు చూసి చెప్పడం లేదు, ఫొటో చూసి చెబుతున్నాను. పని పూర్తయినట్టు సాక్ష్యంగా పంపిన ఫొటో మా ఫైల్లో ఉంది. హార్నెస్ వేసుకున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు, నవ్వుతున్నాడు. హార్నెస్ తాడు చివరి హుక్కు ఎక్కడ తగిలించాడా అని పెద్దది చేసి చూశాను. తన నడుముకే తగిలించుకున్నాడు. పడితే హుక్కు కూడా ఆయనతో పాటే వచ్చేది, విడిచిపెట్టే రకం కాదు. పోనీ సరిగ్గా తగిలించి, పడి, స్పృహ లేకుండా వేలాడుతున్నాడే అనుకుందాం. రక్తం కాళ్లలోకి దిగి నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. కిందికి దించే మనిషీ, పద్ధతీ ముందే ఉండాలి. ఫొటోలో ఆ రెండో మనిషి కూడా ఉన్నాడు, నీడగా. ఫొటో తీసింది ఆయనే.

మీరున్న స్తంభం ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుది. లోపల లాగి బిగించిన ఉక్కు తీగలే దానికి వెన్నెముక. దానికి చిల్లు పెట్టకూడదు, స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు చుట్టి పనిముట్టుతో బిగించాలి. ఈయన రెండు చిల్లులు పెట్టాడు. రెండోదాంట్లో బోల్టు నిలవక బైండింగు వైరుతో కట్టాడు. గాలి వేగం రెట్టింపైతే మీ చదును ముఖం మీద పడే తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్క బైండింగు వైరుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక అన్నిటికన్నా పై సంగతి, అక్షరాలా పైనే ఉంది. మీ నెత్తికీ కరెంటు తీగకూ మధ్య మూరెడు కూడా లేదు. ఈ దూరం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో పాటించే నేషనల్ ఎలక్ట్రికల్ సేఫ్టీ కోడ్ మామూలుగా 40 అంగుళాలు, అంటే సుమారు మీటరు ఖాళీ వదలమంటుంది. ఆ ఖాళీ మీ కోసం కాదు, నా మోచేయి కోసం. తలుపు పైకి లేచే రకమైతే తలుపు కోసం కూడా. త్రిశంకుడైనా స్వర్గానికి కాస్త దూరంలోనే ఆగాడు. మీరు గడప మీదే కూర్చున్నారు.

మీ నెత్తి మీద ఒక కటింగ్ ప్లేయరు దొరికింది. పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి అది జారితే నేలకు వచ్చేసరికి గంటకు దాదాపు 39 కిలోమీటర్ల వేగం. కింద ఎవరి తల ఉంటే వాళ్లకు ప్లేయరు బరువుతో పని లేదు. పనిముట్టుకు తాడు కట్టుకోవడం, కింద కోన్లు పెట్టి మనుషుల్ని దూరంగా ఉంచడం ఇందుకే. ఎవరో బాధ్యత లేని మనిషి.

తలుపు తెరిచాక లోపల అందం చూడాలి. బయట పల్లకీ మోత, లోపల ఈగల మోత అంటారు కదా, మీ దగ్గర చీమలూ కందిరీగలూ. వాడని కేబులు రంధ్రాలకు మూతలు పెట్టకపోతే అద్దె లేకుండా దిగిపోతాయి. ఆరు మీటర్ల ఎత్తులో ముఖం మీదికి కందిరీగలు లేస్తే మనిషి చేసే మొదటి పని రెండు చేతులూ వదిలేయడం. అందుకే తెరిచే ముందు రెండుసార్లు తడతాను. మర్యాద కొద్దీ అనుకుంటున్నారేమో!

ఎర్తింగు చూసి మాత్రం నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిగిలిన పచ్చ వైరును కత్తిరించడం ఇష్టం లేక, స్ప్రింగులా ముచ్చటగా చుట్టి, ప్లాస్టిక్ టై వేసి పెట్టాడు. డబ్బా మొత్తంలో శ్రద్ధగా చేసిన పని అదొక్కటే. పిడుగు కరెంటుకు చుట్టలన్నా, గట్టి మలుపులన్నా గిట్టదు. పొట్టిగా, తిన్నగా దారి ఇస్తే భూమిలోకి పోతుంది. ఇవ్వకపోతే పక్కనున్న సామానులోంచి తనే దారి చూసుకుంటుంది. ఆ సామానుకు చెయ్యి ఆనించి ఉండేది, తెలుసు కదా, నేనే.

రేపు పొద్దున వస్తున్నాను, ఈసారి ముగ్గురం. కరెంటువాళ్లతో లైను ఆపించి, ఆగిందని టెస్టరుతో చూసుకున్నాకే మీ జోలికొస్తాం. ముందు బ్యాటరీ దింపుతాం, తర్వాత తాడు మీద మిమ్మల్ని. సొట్టపడిన మూలను ఈసారి దేనికీ తగలనివ్వం. చిల్లులు పడ్డ ఈ స్తంభం సంగతి దాని సొంతదారులకు రాశాం. మీకు మాత్రం పక్క స్తంభం మీద, కిందుగా, తూర్పు ముఖంగా, పట్టీలతో కొత్త చోటు చూశాం. కందిరీగలకు ఈ రాత్రికే కబురు చెప్పగలరు.

ఇట్లు,
మీ తలుపు తీసేవాడు

తా.క.: ఎర్ర టేపు ప్లేయరు నాదే. పోయినసారి వచ్చినప్పుడు మర్చిపోయి, పోయిందని రాసిచ్చి ఆఫీసులో కొత్తది తీసుకున్నాను. అడిగితే దొరకలేదనే చెప్పండి. సిలికాన్ ట్యూబు ఎవరిదో మాత్రం నాకు నిజంగా తెలియదు.