ట్రిమ్ స్క్రూ వదులుగా ఉంచమని రాసింది ఎవరు?

నాలుగు రోజుల్లో ఒకే సందేశం నాకు పదకొండు సార్లు వచ్చింది. ఆత్మకూరు మిత్రుడు పంపారు. మైలవరం జలాశయంలో చేపల పడవ నడిపే తమ్ముడు పంపాడు. మా బావమరిది రెండుసార్లు పంపి, ‘చూశావా బావా?’ అని ఫోను కూడా చేశాడు. ‘పాత పడవ ఇంజిన్ల ట్రిమ్ పాడైతే మెకానిక్ అక్కర్లేదు: ఏడు చిట్కాలు’ అన్నది దాని శీర్షిక. ట్రిమ్ అంటే ఇంజినును ఆయిల్ ఒత్తిడితో పైకెత్తి దించే ఏర్పాటు. చివర ‘పేద మత్స్యకారుడికి వేల రూపాయలు మిగల్చండి, అందరికీ పంపండి’ అన్న వేడుకోలు ఉంది.

కర్నూలులో ఇరవై రెండేళ్లుగా ట్రాక్టర్ల హైడ్రాలిక్స్‌తో పాటు పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. మన వైపు పుట్టిలు ఎక్కువ, మోటారు పడవలు తక్కువ. ఉన్న ఇంజిన్లలో చాలా వరకు సముద్రతీరంలో ఏళ్ల తరబడి నడిచి, చేతులు మారి ఇక్కడికి చేరినవే. వాటితో రావలసిన పుస్తకం దారిలోనే ఎక్కడో పోయి ఉంటుంది. పుస్తకం లేని చోట ఇలాంటి సందేశమే పుస్తకమై కూర్చుంటుంది. అందుకే ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పడం మానేసి ఇది రాస్తున్నాను.

మొదటి చిట్కా: ‘ఆయిల్ ఏదైనా ఒకటే, బ్రేక్ ఆయిల్ పోస్తే బలం ఎక్కువ.’ ఇందులో సగం మాటకు నేను అడ్డు చెప్పను. చాలా ఔట్‌బోర్డ్ ట్రిమ్‌లకు ఆటోమేటిక్ గేరు బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ సరిపోతుంది. కొన్ని పాత యూనిట్లలో, అసలు ఆయిల్ దొరకనప్పుడు 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ పోయవచ్చని తయారీదారులే రాశారు. కాబట్టి ఊళ్లో దొరికిన ఇంజిన్ ఆయిల్ పోసి పని గడుపుకున్న వాళ్లను నేను తప్పుపట్టను. కానీ బ్రేక్ ఆయిల్ ఏ లెక్కన పోస్తారు? అది గ్లైకాల్ జాతి. ట్రిమ్‌లో ఉండేవి పెట్రోలియం నూనెకు తగిన నైట్రైల్ రబ్బరు సీళ్లు. గ్లైకాల్ తగిలితే అవి ఉబ్బి మెత్తబడి, జారవలసిన చోట పట్టేసి చిరుగుతాయి. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ‘బలం ఎక్కువ’ అన్న మాటకు ఇక్కడ అర్థమే లేదు. ఒత్తిడి పుట్టించేది పంపు. దాన్ని మోసుకెళ్లడమే ఆయిల్ పని.

రెండో చిట్కా ఇంజిను కిందికి దించి ఆయిల్ నింపమంటుంది. పూర్తిగా ఎత్తి నింపాలి. దించి ఉండగా ఆయిల్ ట్యాంకు మూత తీస్తే ఆయిల్ ముఖాన చిమ్ముతుంది. ఆ స్థితిలో అంచు వరకు నింపి ఎత్తితే, ర్యాములు, అంటే ఇంజినును ఎత్తే కడ్డీలు, ఆయిల్‌ను లాక్కుని ట్యాంకులో మట్టం పడిపోతుంది, పంపు గాలి మింగుతుంది. నింపాక నాలుగైదుసార్లు ఎత్తి దించి, మళ్లీ ఎత్తి మట్టం చూడాలి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆరో చిట్కా కూడా అంతే. పడవను ట్రెయిలర్ మీద తీసుకెళ్లేటప్పుడు ఎత్తిన ఇంజినును ఆపే టిల్ట్ కొక్కెం వేస్తే చాలట. ఆ కొక్కెం ఒడ్డున నిలిపిన పడవ కోసం పెట్టింది. నందికొట్కూరు రోడ్డు మీది గుంతల్లో నాలుగు కుదుపులకే అది జారిపోతుంది. ఇంజినుకూ పడవ వెనుక పలకకూ మధ్య గట్టి ఆధారం పెట్టి కట్టాలి.

ఇక నాలుగో చిట్కా. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఆ సందేశంలోని మాటలు ఇవి: ‘ట్రిమ్ పైకి లేవకపోతే పక్కన ఉన్న రిలీజు స్క్రూ తిప్పి వదులుగానే ఉంచుకోండి. ఇంజిను చేత్తో ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. మరమ్మతే అక్కర్లేదు.’

ఆ స్క్రూ తిప్పితే ఏమవుతుందో రాసినవాళ్లకు తెలుసా? సిలిండరులో నిలిచి ఉన్న ఆయిల్‌కు దారి తెరుచుకుంటుంది. అప్పటి వరకు ఇంజిను బరువు మోసింది ఆ ఆయిలే. 40 గుర్రాల పాత ఇంజిను కూడా డెబ్బై కిలోలకు తగ్గదు. పైకెత్తిన ఇంజిను కింద ఆధారం లేకుండా ఆ స్క్రూ వదిలితే అది కూలినట్టు దిగుతుంది. నా షెడ్డులో నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడు, నేను గొలుసు తెచ్చే లోపల, మేలు చేస్తున్నాననుకుని స్క్రూ తిప్పాడు. ఎడమ చెయ్యి, ఇంజినును పడవకు పట్టి ఉంచే బ్రాకెట్ మధ్య ఉంది. రెండు వేళ్లు నలిగాయి. ఒకటి ఈ రోజుకూ పూర్తిగా మడవదు. తప్పు నాది, ముందే చెప్పి ఉండవలసింది. అందుకే ఇప్పుడు ఇంత గట్టిగా చెబుతున్నాను.

దాని కంటే పెద్ద ప్రమాదం నీటి మీద ఉంది. ముందు గేరులో వెళ్తున్నంత సేపు ప్రొపెల్లరు తోపు ఇంజినును పడవకే అదిమి పెడుతుంది, స్క్రూ వదులుగా ఉన్నట్టు కూడా తెలియదు. వెనక గేరు వేసిన క్షణం తోపు తిరగబడుతుంది. అప్పుడు ఇంజినును కింద పట్టి ఉంచేది ఆ మూసుకున్న ఆయిల్ మాత్రమే. స్క్రూ వదులుగా ఉంటే ఇంజిను పైకి లేచి ప్రొపెల్లరు నీటిలో నుంచి బయటపడుతుంది. వెనక గేరు ఎప్పుడు వేస్తాం? రేవు దగ్గర, వేగం ఆపడానికి. అంటే ఆపవలసిన చోటే పడవ ఆగదు. సంగమేశ్వరం పైన ఒక రేవులో సరిగ్గా ఇదే జరిగింది. పడవలో తొమ్మిది మంది ఉన్నారు. పడవ నేరుగా రాళ్ల మెట్లకు కొట్టుకుంది. ముందు పలక పగిలింది, నిలబడి ఉన్న ఒక పెద్దావిడ పడి మణికట్టు విరిగింది. ఇంజిను నా దగ్గరికి వచ్చినప్పుడు స్క్రూ రెండు చుట్లు వదులుగా ఉంది. ‘ఎత్తడానికి సులువని అలాగే వదిలేశాం’ అన్నారు. ఆ రోజు ఈ సందేశం లేదు. ఇప్పుడు అదే పొరపాటును చిట్కా అని పేరు పెట్టి ఊరూరా పంచుతున్నారు.

శ్రీశైలం వెనుక జలాల సంగతి మరొకటి. పూర్తి మట్టం 885 అడుగుల నుంచి నీరు దిగుతున్న కొద్దీ మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు నీటి అంచుకు వస్తాయి. ఇంజిను మొద్దుకు తగిలినప్పుడు టిల్ట్ పిస్టన్‌లోని షాకు వాల్వులు తెరుచుకుని, దాన్ని అదుపుగా పైకి వదిలి మళ్లీ కిందికి రానిస్తాయి. స్క్రూ వదులుగా ఉంటే ఆ అదుపు పోతుంది. దెబ్బ మొత్తం బ్రాకెట్ మీద, వెనుక పలక మీద పడుతుంది.

ఆ స్క్రూ ఉన్నది అత్యవసరానికి. ఇంజిను కింద గొలుసో దిమ్మో పెట్టి, పక్కగా నిలబడి, ఎడమకు మెల్లగా తిప్పాలి. అడ్డు తగిలిన చోట ఆగాలి. అంతకు మించి తిప్పితే ఆయిల్‌తో పాటు స్క్రూ కూడా ఎగిరి వస్తుంది. పని కాగానే కుడికి బిగించాలి. ఈ చివరి మాట సందేశంలో ఒక్క చోట కూడా లేదు. ఏడు చిట్కాలు రాసే ఓపిక ఉన్నవాళ్లకు ‘మళ్లీ బిగించండి’ అన్న రెండు మాటలు రాసే తీరిక దొరకలేదా?

ఐదో చిట్కా: మోటారు తిరగకపోతే బ్యాటరీ నుంచి నేరుగా తీగ ఇవ్వాలట. పరీక్షగా అయితే ఇది నేనూ చేస్తాను. రెండు తీగల మోటారుకు ఒక క్షణం కరెంటు తాకించి తిరిగితే మోటారు మంచిది, లోపం మోటారుకు కరెంటు అందించే రిలేలోనో స్విచ్చిలోనో ఉన్నట్టు. తీగలు అటూ ఇటూ మార్చి ఇస్తే తిరిగే దిశ మారుతుంది. మూడు తీగల పాత మోటార్లు కూడా ఉన్నాయి, అక్కడ తీగల లెక్క వేరు. కానీ సందేశం దీన్ని శాశ్వత ఏర్పాటుగా చెబుతోంది. పక్కనే పెట్రోలు ట్యాంకు పెట్టుకుని, సన్నని తీగతో, ఎత్తిన ప్రతిసారీ నిప్పురవ్వ రాజేస్తూ పడవ నడుపుతారా? పైకీ కిందికీ ఉన్న రెండు రిలేలు ఒకే రకానివైతే, ఒకదాని చోట మరొకటి పెట్టి చూడండి. లోపం దిశ మారితే రిలేదే తప్పు. దానికి ముందు బ్యాటరీ కొసల మీది పచ్చటి చిలుము గీకండి. నా దగ్గరకు ‘మోటారు కాలిపోయింది’ అని వచ్చిన వాటిలో చాలా వాటికి వైద్యం అక్కడే అయింది.

మూడో చిట్కా, లీకు ఉన్న ర్యాము చుట్టూ సిలికాన్ పూయడం. కదిలే కడ్డీకి పూత నిలుస్తుందా? మొదటిసారి దిగగానే ఒలుచుకుపోయి సీలు అంచులో ఇరుక్కుంటుంది. ఉప్పు నీటి నుంచి వచ్చిన ర్యాములకు తుప్పు గుంటలు ఉంటాయి, కొత్త సీలును కూడా అవి కోసేస్తాయి. కడ్డీ మీద గోరు నడిపి చూడండి. గోరు పట్టుకుంటే సీలు ఒక్కటే మార్చడం దండగ, కడ్డీ కూడా మారాలి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్టే. పూర్తిగా తీసేసి, కడిగి, కొత్తది పోయాలి.

ఇప్పుడు ఏడో చిట్కా. ‘పూర్తి యూనిట్ మార్చాలని చెబితే నమ్మకండి, సీళ్లు మారిస్తే చాలు.’ దీన్ని ఖండించాలనే కూర్చున్నాను. నా పాత లెక్కల పుస్తకం తిరగేస్తే ఆ మాటే నిజమని తేలింది. బయట చుక్క ఆయిల్ కూడా కారకుండా రాత్రికి రాత్రి ఇంజిను కిందికి జారిపోయే కేసుల్లో, రిలీజు స్క్రూ మీది చిన్న రబ్బరు ఓ-రింగు చిరగడమో, ఆయిల్‌ను ఒక్క వైపే వెళ్లనిచ్చే చెక్ వాల్వు కింద వరద బురద రేణువు ఇరుక్కోవడమో, టిల్ట్ పిస్టన్ సీలు అరగడమో కారణం. వాటికి కొత్త యూనిట్ అమ్మడం అన్యాయం. కొన్నేళ్ల క్రితం నేను కూడా తొందరపడి ఇద్దరికి పాత యూనిట్లు తెప్పించి బిగించాను. ఆ డబ్బు వాళ్లకు మిగలవలసింది. ఈ ఒక్క విషయంలో సందేశం రాసినవాళ్లకు నా కంటే ఎక్కువ తెలుసు. ఒక షరతు మాత్రం ఉంది. సిలిండరు మూతను ఉలితో కొట్టకుండా, రెండు రంధ్రాల పిన్ స్పానరుతో విప్పాలి. విప్పే చోటు దుమ్ము లేకుండా ఉండాలి. కరెంటు పంపు లేకుండా గ్యాసు బలంతో ఎత్తే రకాల జోలికి పోకూడదు. వాటిలో గ్యాసు అధిక ఒత్తిడిలో ఉంటుంది, విప్పినా వేడి చేసినా పేలుతుంది.

ఎండాకాలం వస్తోంది. నీరు దిగగానే పడవలు ఒడ్డుకెక్కుతాయి, ఇంజిన్లు విప్పే పని మొదలవుతుంది. ఈ సందేశం మీ ఫోనులో ఉంటే, పంపిన వాళ్లకు నాలుగో చిట్కా గురించి ఈ రోజే చెప్పండి. మీ పడవ దగ్గరకు వెళ్లి ఆ స్క్రూ కుడికి బిగిసి ఉందో లేదో ఒకసారి చూడండి.