అయిదో ఉత్పత్తి కారకం

ఉత్పత్తి కారకాలు నాలుగని అర్థశాస్త్రం పుస్తకాలు బట్టీ పట్టిస్తాయి: భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన. దేశాల్ని పైకి తెచ్చిన అయిదోదాన్ని మర్యాద కోసం దాచేశారు. దాని పేరు చౌర్యం. అరవై నాలుగు కళల్లో చోరకళకీ చోటిచ్చిన మన పెద్దలకైతే ఇది చెప్పక్కర్లేదు.

ఇంగ్లండునే చూడండి. పట్టుదారం పేనే యంత్రాల గుట్టు ఇటలీలో పీడ్‌మాంట్ వాళ్ల దగ్గరుండేది. జాన్ లోంబ్ అనే కుర్రాడు అక్కడ పనికి కుదిరి, వాటి బొమ్మలు గీసుకుని ఇంటికొచ్చాడు. దానికి మండిపడ్డ ఇంగ్లండు ఏం చేసిందయ్యా అంటే, 1718లో అతని సవతి అన్న థామస్‌కి ఆ యంత్రాల మీదే 14 ఏళ్ల పేటెంటు రాసిచ్చింది. మధ్యలో ‘సర్’ బిరుదూ ఇచ్చింది. గడువు మాత్రం పొడిగించలేదు పాపం. ఆ బాధ మాన్పడానికి 1732లో పార్లమెంటు 14,000 పౌన్లు ముట్టజెప్పింది.

అసలు రుచి ఇక్కడుంది. పేటెంటిచ్చిన మరుసటి ఏడే, పనివాళ్లని మభ్యపెట్టి పరదేశాలకి లాక్కుపోవడం నేరమని చట్టం తెచ్చారు. 1721లో అద్దకం నూలుబట్టలు కట్టుకోవడమే తప్పన్నారు. భారతదేశపు చీటీగుడ్డ ముందు వాళ్ల నేత నిలవడం లేదు మరి. 1774లో జౌళి పనిముట్లు ఓడెక్కకూడదన్నారు. దొంగసొత్తుకున్నంత కాపలా కష్టార్జితానికి ఉండదు.

అయినా తాడిదన్నేవాడి తలదన్నేవాడు ఉండనే ఉంటాడు. 1789లో శామ్యూల్ స్లేటర్ రైతుకూలీలా ఓడెక్కి అమెరికాలో దిగాడు. చేతిలో ఒక్క బొమ్మ లేదు, ఆర్క్‌రైట్ అనే ఇంగ్లీషువాడి నూలు వడికే యంత్రమంతా బుర్రలోనే ఉంది. మరుసటి ఏడు చివరికి అది రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పటకెట్ ఊళ్లో తిరిగింది. ఇంగ్లండులో ద్రోహి, అమెరికాలో పరిశ్రమల పితామహుడు. మనిషి ఒకడే, మధ్యలో అట్లాంటిక్.

తర్వాత ఫ్రాన్సిస్ క్యాబట్ లోవెల్ అనే బోస్టన్ వర్తకుడు. ఆరోగ్యం కోసమని ఇంగ్లండు వెళ్లి, మరమగ్గాల్ని కళ్లతోనే మింగాడు. తిరుగు ప్రయాణంలో, 1812లో, ఇప్పటి కెనడాలోని హాలిఫాక్స్ రేవు దగ్గర బ్రిటిష్ వాళ్లు అతని పెట్టెలన్నీ సోదా చేశారు. ఏమీ దొరకలేదు. నిషిద్ధ వస్తువుల జాబితాలో తలకాయ లేదు కదా! 1814లో బోస్టన్ దగ్గర వాల్తమ్‌లో మిల్లు పెట్టాడు. పెట్టాక, చౌక భారతీయ బట్ట తన పొట్ట కొడుతోందని మొరపెట్టుకుని 1816లో సుంకం వేయించాడు.

ఇంగ్లండు 1824లో పనివాళ్ల మీదా, 1843లో యంత్రాల మీదా ఆ నిషేధాలు ఎత్తేసింది. అప్పటికి దాని మిల్లులకి ఎదురు లేదు. 1846లో ధాన్యం సుంకాల చట్టమూ రద్దుచేసి, స్వేచ్ఛా వాణిజ్యం ఎంత పుణ్యమో లోకానికి పురాణం చెప్పసాగింది. ఏరు దాటాక బోడి మల్లన్న. ఎక్కిన నిచ్చెనని తన్నేయడమంటే ఇదేనని ఫ్రెడరిక్ లిస్ట్ అనే జర్మన్ అర్థశాస్త్రవేత్త 1841లోనే రాసేశాడు. అమెరికా మాత్రం తక్కువ తిందా? 1891 దాకా విదేశీ రచయితలకి కాపీరైటే ఇవ్వలేదు. ఇప్పుడు మేధోసంపత్తి మీద దాని ప్రవచనం వినాలి, కళ్లు చెమర్చాల్సిందే.

నా విన్నపం చిన్నది. స్లేటర్ పేరా, లోవెల్ పేరా అమెరికాలో ఊళ్లున్నాయి. తల జోలికి పోకుండా పెట్టెలు మాత్రమే వెతికిన ఆ హాలిఫాక్స్ అధికారి పేర ఒక సందైనా లేదు. అమెరికా మరమగ్గంలో తొలి వాటాదారు ఆయనే.