సవరణ: సోఫీ కాల్‌కి వచ్చింది ఉత్తరం కాదు

ఫ్రెంచి కళాకారిణి సోఫీ కాల్ మీద నిన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. విడిపోతూ ప్రియుడు పంపింది ఉత్తరం అన్నాను, అది ఈమెయిల్. దాని చివరి మాటను ‘నీ జాగ్రత్త నువ్వు చూసుకో’ అని తెలుగు చేశాను. ఫ్రెంచిలో ఉన్నది ‘మీరు’. వదిలేసి పోతూ ‘మీ జాగ్రత్త మీరు చూసుకోండి’ అనడం! నాకైతే ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మెయిల్‌తోనే ఒక కళాకృతి చేసి, ఆ మాటనే పేరుగా పెట్టి, 2007లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో, ఫ్రాన్స్ పెవిలియన్‌లో (ఆ దేశానికి కేటాయించిన భవనంలో) ప్రదర్శించింది. ఎవరి వృత్తి కోణంలో వాళ్లు అర్థం చెప్పమంటూ ఆ మెయిల్‌ని 107 మంది మహిళలకు ఇచ్చింది. నిన్న నేను రాసిన ఆ లెక్క సరైనదే. కాకపోతే అందులో రెండు చెక్కబొమ్మలు, ఒక చిలుక కూడా ఉన్నాయి. చిలుక ఆ మెయిల్ ఉన్న కాగితాన్ని కసాబిసా నమిలేసింది.