జ్ఞానం ఒంటరి మనిషి వ్యవహారం కాదు

నిజమైన నమ్మకానికి తగిన ఆధారం తోడైతే అదే జ్ఞానమన్న పాత సూత్రాన్ని 1963లో అమెరికన్ తత్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంతో దెబ్బతీశారు. ఆ సూత్రాన్ని అతికించడానికి తత్వవేత్తలు ఆ తర్వాత ఎన్నో షరతులు చేర్చారు. నాకు మాత్రం ఆ చర్చ మొత్తం ఒక ముఖ్యమైన విషయాన్ని, మనకు తెలిసినదాంట్లో చాలాభాగం ఇతరుల మాట ద్వారానే వస్తుందన్నదాన్ని, పక్కన పెట్టేసిందనిపిస్తుంది.

గెటియర్ మొదటి ఉదాహరణే చూడండి. ఉద్యోగం జోన్స్‌కే వస్తుందని స్మిత్ నమ్ముతాడు. ఎందుకు? కంపెనీ అధ్యక్షుడు చెప్పాడు కాబట్టి. జోన్స్ జేబులో పది నాణేలున్నాయని కూడా అతనికి తెలుసు కాబట్టి, ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలుంటాయని తేల్చుకుంటాడు. చివరికి అధ్యక్షుడి మాటే తప్పవుతుంది: ఉద్యోగం స్మిత్‌కే వస్తుంది, తనకు తెలియకుండానే అతని జేబులోనూ పది నాణేలుంటాయి. అతను తేల్చుకున్నది నిజమే, ఆధారమూ ఉంది, అయినా దాన్ని జ్ఞానమనలేం. స్మిత్ తర్కంలో లోపమేమీ లేదు, తప్పంతా అతనికి అందిన మాటలో ఉంది. చర్చ మాత్రం స్మిత్ బుర్రలో ఏముంది, జేబులో ఎన్ని నాణేలున్నాయి అన్నచోటే తిరిగింది.

ఇతరుల అభిప్రాయాలు మన మెదడులో తేలియాడినంత మాత్రాన, అవి నిజమే అయినా, మన జ్ఞానం పెరగదని ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ వాదించాడు. గుడ్డిగా నమ్మొద్దన్న హెచ్చరికగా అది మంచిదే. కానీ ఆ కొలత పెడితే మన పుట్టినరోజు కూడా మనకు తెలియదనాలి. పెద్దలు చెబితేనో, కాగితం మీద చూస్తేనో తప్ప అది ఎవరికి తెలుసు?

భారతీయ తర్క సంప్రదాయమైన న్యాయ దర్శనం ఈ పొరపాటు చేయలేదు. ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం (గుర్తులను బట్టి ఊహించి తేల్చడం), ఉపమానాల (పోలిక) సరసనే శబ్దాన్నీ, అంటే నమ్మదగినవారి మాటనూ, ప్రమాణంగా, అంటే జ్ఞానాన్నిచ్చే మార్గంగా నిలబెట్టింది. విషయం స్వయంగా ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడే ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు అన్నాడు న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు. అక్కడితో ఆగలేదు: ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ (పరాయివాడికీ) సమానమేనన్నాడు. నన్ను కదిలించేది ఈ మాటే. చెప్పేవాడి పుట్టుకను కాదు, ఎరుకను, నిజాయితీని చూడాలని ప్రమాణశాస్త్రమే చెప్పిందన్నమాట.

సమాజం ఆ మాట వినలేదు. సాక్ష్యం చెప్పేది ఆడమనిషి అయినా, పేద అయినా, తక్కువగా చూసే కులంవారైనా మాట విలువ ముందే సగానికి పడిపోతుంది. దీన్ని జ్ఞాన విషయంలో జరిగే అన్యాయంగా 2007లో తత్వవేత్త మిరాండా ఫ్రికర్ విశ్లేషించారు. ఇలా నమ్మకపోవడం వల్ల చెప్పినవారికి అవమానం, విననివారికి అజ్ఞానం. ఆ అజ్ఞాని నమ్మకాలు ఒకదానికొకటి చక్కగా పొసుగుతూనే ఉంటాయి. అతని బుర్రలోకి మాత్రమే తొంగిచూసే సిద్ధాంతానికి అక్కడ తప్పే కనిపించదు.