మూడు ముళ్లలో ఒక ముడి

మా మేనకోడలి పెళ్లిలో బాబాయి ఫోనుతో తీసిన వీడియోను నిన్న అందరం కూర్చుని చూశాం. పురోహితుడు గట్టిమేళం అంటూ వేలు ఆడించాడు, డోలు, సన్నాయి ఒక్కసారిగా లేచాయి, మొదటి ముడి పడింది. అక్కడితో వీడియో సమాప్తం. తరువాతి వీడియోలో బాబాయి కాలి బొటనవేలు, ఎవరిదో పట్టుచీర అంచు, నేల మీద అక్షింతలు కనిపిస్తాయి. "ఎవరండీ ఫోనులో?" అని పిన్ని గొంతు. "ఎవరో లోను ఇస్తారట" అని బాబాయి గొంతు. మిగిలిన రెండు ముళ్లు పడ్డాయో లేదో ఇక పెళ్లికొడుకునే అడగాలి.

వీడియో తీస్తుంటే కాల్ వచ్చి దాన్ని తెగ్గొట్టడానికి విరుగుడు విమానం మోడ్ అని తెలిసినవారు సెలవిస్తారు. అంటే కల్యాణమండపంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, ఆకాశంలో ఎగురుతున్నామని ఫోనును నమ్మించాలి. నిజం చెబితే వినదు, అబద్ధం చెబితే బుద్ధిగా ఉంటుంది. అప్పుడైనా వైఫై కట్టేయడం మరిచారో, సరిగ్గా తలంబ్రాల వేళకు అమెరికా అల్లుడు వాట్సాప్‌లో పలకరిస్తాడు.

పోనీ, కాల్స్ వచ్చినా ఫోను మోగకుండా చేసే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టుకుందామా? అందులో ఒక దొడ్డిదారి ఉంది. అదే నంబరు నుంచి ఐఫోనుకు 3 నిమిషాల్లో, ఆండ్రాయిడ్‌కు 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే, పాపం ఏదో ఆపద కాబోలని లోపలికి పంపే సెట్టింగ్ అది. లోను అమ్మేవాళ్ల పట్టుదల ముందు ఏ ఆపద నిలుస్తుంది? ప్రచార కాల్స్ వద్దని ప్రభుత్వం వారి 1909 నంబరుకు కూడా సందేశం పంపాను. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని నిబంధన. నాకు మాత్రం మామూలు పదంకెల నంబర్ల నుంచే వస్తాయి, పక్కింటివాళ్లు చేసినట్టు.

మా నాయనమ్మ అడిగితే పాడేది కాదు. ఒకనాడు చింతపండులో గింజలు తీస్తూ తనంతట తానే దంపుడు పాట అందుకుంది. చప్పుడు చేయకుండా ఫోను తీశాను. 48 సెకన్లు. మూడో చరణానికి నోరు తెరిచింది, ఫోను మోగింది. "ఎవరో పిలుస్తున్నారు, మాట్లాడు నాయనా" అని పాట ఆపేసింది. మళ్లీ పాడలేదు. ఆ చరణం మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ రాదు.

వీడియో తీసే ఎర్ర బటన్ నొక్కానంటే పనిలో ఉన్నానని అర్థం కాదా? ముఖం చూసి తాళం తీసే యంత్రానికి, నా వేలిముద్ర పోల్చుకునే యంత్రానికి, ఆ ముసలావిడ పాట పూర్తయ్యేదాకా నోరు మూసుకోవడం చేతకాదా? కెమెరా తెరవగానే కాల్స్ వాటంతట అవే ఆగిపోవాలని, కావాలంటేనే రావాలని, అంత ఖరీదైన వస్తువు తయారుచేసేవాళ్లలో ఒక్కడికీ తట్టలేదా? సిగ్గుండాలి!

వచ్చే నెలలో రెండో మేనకోడలి పెళ్లి. బాబాయి ఈసారి గట్టి పట్టు మీద ఉన్నారు, ఇప్పటినుంచే విమానం మోడ్ సాధన చేస్తున్నారట. శుభలేఖ ఎప్పుడు తెచ్చి ఇవ్వాలో అడుగుదామని మూడు రోజులుగా ఫోను చేస్తున్నాం, కలవడం లేదు.