కిలుము విషయమై ఒక విన్నపం

మహారాజశ్రీ అంతర్జాతీయ క్రీడా నాణేల, పతకాల సేకర్తల సంఘం వారి దివ్య సముఖమునకు, ఒడిశా రాష్ట్రం, గంజాం జిల్లా, బరంపురం నుంచి మీ సభ్యత్వం కోరి మూడుసార్లు దరఖాస్తు పెట్టి, మూడుసార్లూ దాన్ని వెనక్కి అందుకున్న ఒక విశ్రాంత లెక్కల మాస్టారు నమస్కరించి రాయు విన్నపము.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమంగానే ఉన్నాం. మా తాతగారి పతకం మాత్రం క్షేమంగా లేదని మీరే రాశారు కాబట్టి, ముందుగా ఆ సంగతి మనవి చేసుకుంటాను.

అది ఇత్తడిది. మా ఇంట్లో దాన్ని పతకం అని ఎవరూ అనరు, తాతగారి బిళ్ళ అంటారు. 1935లో జిల్లా బడుల పందేల్లో మైలు పరుగు గెలిచినందుకు ఇచ్చారట. బొమ్మ వైపు పరుగెత్తుతున్న మనిషి ఉన్నాడు. బొరుసు వైపు ఇంగ్లీషు అక్షరాల్లో గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంది. ఆ మరుసటి ఏడు, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా వేరే రాష్ట్రం కావడంతో మా తాతగారు నవారు మంచం దిగకుండానే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్ళిపోయారు. ఊరు అదే, వీధి అదే, ఇంట్లో మాట్లాడే తెలుగూ అదే. బిళ్ళ మీది మద్రాసు మాత్రం చెరగకుండా అలాగే ఉండిపోయింది.

మీ దరఖాస్తులో ఆరో గడి ‘జారీ చేసిన ప్రాంతం’. అందులో నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. దానికి మీ నమోదు శాఖ వారు సెలవిచ్చిందేమంటే, గంజాం ఒడిశాలో ఉన్నది, మద్రాసు తమిళనాడులో ఉన్నది, నడుమ ఆంధ్రప్రదేశ్ అంతా ఉన్నది, కనుక ఈ వస్తువు నకిలీది అయినా కావాలి, దరఖాస్తుదారు పొరబడి అయినా ఉండాలి. నడుమ ఆంధ్రప్రదేశ్ ఉన్న సంగతి మాకు తెలియకపోలేదు, మా చుట్టాల్లో సగం మంది అక్కడే ఉన్నారు. సరిహద్దులో కాపురం ఉన్నవాడికి సరిహద్దు ఎక్కడుందో యూరప్ నుంచి ఉత్తరం రాసి చెప్పిన మీ శ్రద్ధకు మాత్రం జోహార్లు.

అయితే అయ్యా, ఇదే చిక్కు మీ సొంత కేటలాగులో ఉన్నప్పుడు మీకు చిక్కుగా తోచలేదేమి? 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు పశ్చిమ జర్మనీ వెండితో పది మార్కుల నాణేలు ముద్రించింది. మొదట వాటి మీద క్రీడలు ‘జర్మనీలో’ జరుగుతాయని అచ్చు వేశారు. జర్మనీ అంటే మీరొక్కరేనా, మేము లేమా అని తూర్పు జర్మనీ అడ్డం తిరగడంతో, తర్వాత ముద్రించిన వాటి మీద ‘మ్యూనిక్‌లో’ అని మార్చారు. ఆ రెంటికీ మీ కేటలాగులో రెండు సంఖ్యలున్నాయి, రెండు ధరలున్నాయి. మాస్కో ఒలింపిక్స్ కోసం 1978లో వేసిన క్రెమ్లిన్ రూబుల్ మీద గోపురం గడియారంలో రోమన్ నాలుగు ఉండవలసిన చోట ఆరు పడింది. మా బళ్ళో ఎవడైనా అలా రాస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి. మీ సభ్యులు మాత్రం ఆ ఆరు ఉన్న నాణెం కోసం కళ్ళకు భూతద్దం కట్టుకుని తిరుగుతారు. అంతెందుకు, 1928 నుంచి 2000 వరకు వేసవి ఒలింపిక్ పతకం బొమ్మ వైపు ఇటలీ శిల్పి కాసియోలి చెక్కిన దేవత వెనకాల రోమ్ నగరపు కొలోసియం లాంటి కట్టడం కనిపిస్తుంది. గ్రీకుల పండుగకు రోమన్ల కట్టడం ఏమిటని పట్టుబట్టి మార్చడానికి 2004లో ఆటలు మళ్ళీ ఏథెన్స్‌కు రావలసి వచ్చింది. డెబ్బై రెండేళ్ళ పాటు ఊరు తప్పిన ఆ పతకాన్ని తెల్లచేతితొడుగులు వేసుకుని పట్టుకునే మీరు, ఒక్క ఏడాది తేడాలో ఊరు తప్పినట్టు కనిపించే మా బిళ్ళను నకిలీ అన్నారు. పెద్దల పొరపాటు మీ భాషలో ‘అరుదైన రకం’ అవుతుందని, మాలాంటి వాళ్ళది ఒప్పే అయినా పొరపాటు అవుతుందని నాకు అప్పుడు తెలిసింది.

రెండోసారి మీరు ఆ ప్రాంతం గొడవ వదిలేసి పదకొండో గడి పట్టుకున్నారు. అది ‘స్థితి’. అసలు ఉత్తరం రాయడానికి కారణం ఈ గడి.

మా ఇంట్లో ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు కత్తిపీట, పలుగు, పార, నా సైకిలు, మా అబ్బాయి మోటారు సైకిలు, వీటితోపాటు తాతగారి బిళ్ళను కూడా పూజలో పెడతారు. పెట్టేముందు దాన్ని తోముతారు. తోమడమంటే ఏదో తడిగుడ్డతో తుడవడం కాదు. నానబెట్టిన చింతపండులో కాస్త ఉప్పు కలిపి, కొబ్బరిపీచుతో, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో గుండ్రంగా రుద్దుతారు. మొదట మా ముత్తవ్వ, తర్వాత మా నాయనమ్మ, ఆ తర్వాత మా అమ్మ, ఇప్పుడు మా ఆవిడ. తొంభై దసరాలుగా ఈ పని తప్పలేదు. ఫలితంగా పరుగెత్తేవాడికి ముక్కు పోయింది, ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయింది, ఒక చెవి మాత్రం చేత్తో తడిమితే ఇంకా తగులుతుంది. బిళ్ళ మాత్రం దీపం వెలుగులో బంగారంలా మెరుస్తుంది.

మీ నిబంధన ప్రకారం ఇది ఘోర అపరాధం. నాణేన్ని గాని పతకాన్ని గాని ఎన్నడూ తోమరాదు. తరతరాలుగా పేరుకున్న కిలుమే దాని వయసుకు సాక్ష్యం, మెరుపు కనిపించిందంటే విలువ పోయినట్టే. నేను ఈ పేరా మా ఆవిడకు తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ చేతిలో పని ఆపకుండా, ‘‘ఏవండీ, చెంబుకి కిలుము పట్టనిచ్చే ఇంటికి పిల్లనివ్వరని ఆ దొరలకి ఎవరూ చెప్పలేదా?’’ అని అడిగింది. ఈ ప్రశ్న మీ కార్యవర్గం ముందు పెట్టవలసిందిగా కోరుతున్నాను.

స్థితికి మీరు వేసే మార్కుల పద్ధతి గురించి లెక్కల మాస్టారుగా ఒకటి రెండు మాటలు చెప్పక తప్పదు. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్, తమ దేశపు పాత పెద్ద సెంటు నాణేల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలత తయారు చేశారు. 1 అంటే ఫలానా నాణెమని పోల్చుకోవడమే గగనం, 70 అంటే అచ్చులోంచి ఊడిపడిన నాటి వన్నె. నూటికి కాకుండా డెబ్బైకి మార్కులు వేసే పరీక్షను నేను నా సర్వీసులో చూడలేదు, అయినా సర్దుకుంటాను. ఈయన వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషుల ఒళ్ళను కూడా మూడు మూసల్లో పోసి కొలిచినవారు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అనే నాణేల సంఘం వారి భాండాగారంలోని మేలురకం సెంట్లను ఆయన చడీచప్పుడు లేకుండా తీసుకుని వాటి చోట నాసిరకానివి పెట్టిన సంగతి తర్వాత బయటపడింది. వస్తువు విలువ తెలిసినవాడే కొలత తయారు చేశాడన్నమాట, మీ ఎంపికను తప్పుపట్టలేను.

ఈ కొలతలో మా బిళ్ళకు మీరు వేసింది 3. పోనీ అనుకుని, మూడోసారి నా దగ్గరున్న మిగతావి పంపాను. 1982 ఢిల్లీ ఏషియన్ క్రీడల పావలా బిళ్ళలు నలభై దాకా హార్లిక్స్ సీసాలో దాచుకున్నాను. పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లదని సర్కారు వారు తీర్మానించిన తర్వాత పిల్లలు గచ్చకాయల బదులు ఆడుకుంటుంటే ఏరి దాచినవి అవి. వాటితోపాటు 2010 కామన్వెల్త్ క్రీడల రెండు రూపాయల, అయిదు రూపాయల బిళ్ళలు కొన్ని, బడా బజారులో కూరగాయల గంపల దగ్గర చిల్లర మార్చుకుంటూ పోగు చేసినవి. ఆ 2010 క్రీడల్లోనే మా ఊరి కె. రవికుమార్ 69 కిలోల విభాగంలో బరువులెత్తి బంగారు పతకం తెచ్చాడు, 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో వెండి తెచ్చాడు. మా ఊళ్ళో గల్లీకొక తాలింఖానా ఉందంటే అతిశయోక్తే గాని, ఇనుము ఎత్తే కుర్రాడు లేని గల్లీ లేదంటే మాత్రం నమ్మవచ్చు. ఆ ఆటల పేరున్న బిళ్ళ ఆ ఊరి సంతలో వంకాయలకూ తోటకూరకూ చేతులు మారిందంటే, అంతకన్నా గొప్ప వంశావళి ఏ నాణేనికి ఉంటుందని నేను అనుకున్నాను. మీరు ‘చలామణీ అయినవి, స్వీకరించబడవు’ అని ముద్ర గుద్ది పంపారు. టంకశాల వారి పెట్టెలో, పలక మందాన మూత కింద, మనిషి వేలు తగలకుండా ఉన్నవే కావాలట. పతకాలకూ అదే సూత్రం. గెలిచినవాడు మెడలో వేసుకుని, చెమటతో తడిపి, ఊరేగి, వాళ్ళమ్మ చేతికిచ్చి, ఆవిడ పంటితో కొరికి చూసిన పతకానికి మార్కులు కోస్తారు. ఎవరూ గెలవకుండా పెట్టెలోనే మిగిలిపోయిన పతకానికి డెబ్బై వేస్తారు.

లోహం దగ్గర మీ పట్టింపులు ఇంకో తీరు. అచ్చంగా బంగారంతో చేసిన ఒలింపిక్ పతకం 1912 స్టాక్‌హోమ్‌తోనే ఆఖరు. ఇప్పటి బంగారు పతకం వెండిదే, పైన కనీసం ఆరు గ్రాముల బంగారం పూత ఉంటే చాలు. టోక్యో పతకాలకు లోహం కోసం జనం దగ్గర అరవై రెండు లక్షల పాత మొబైల్ ఫోన్లు సేకరించారు. 2024 పారిస్ పతకాల నడుమ ఈఫిల్ టవర్ మరమ్మతుల్లో తీసేసిన ఇనుము 18 గ్రాములు పొదిగారు. మా వీధిలో పొద్దున్నే తోపుడు బండి మీద పాత ఇనుము, పాడైన ఫోన్లు కొంటామని ఒడియాలో ఒకసారీ తెలుగులో ఒకసారీ అరుచుకుంటూ వెళ్ళేవాడు ఉన్నాడు. అతనికి మీరు గౌరవ సభ్యత్వం ఇవ్వడం ధర్మం.

మీ సంఘం నడిచే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. చందా యూరోల్లో కట్టాలి, దాన్ని పంపడానికి బ్యాంకు కోసుకునేది చందాను మించిపోతుంది. మా ఠాకురాణి అమ్మవారి జాతర లాగే మీ మహాసభ కూడా రెండేళ్ళకొకసారి. జాతరలో భక్తులు పులి వేషాలు వేస్తే మీరు బిళ్ళలు కుట్టిన కోట్లు వేస్తారు. పాతికేళ్ళు చందా కట్టినవారికి మీరే ఒక పతకం ఇస్తారట, పతకాలు పోగు చేసినందుకు పతకం. దీన్ని చూసి నవ్వేవాణ్ణే గాని, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో శిల్పకళ పోటీ పెట్టి, పతకాలు చెక్కినందుకు ఆస్ట్రియా శిల్పి గ్రీనావర్‌కు బంగారు పతకం ఇచ్చారని చదివి ఊరుకున్నాను. మీకు పూర్వాచారం ఉంది.

నన్ను అన్నింటికన్నా ఇబ్బంది పెట్టింది మీ పద్నాలుగో నిబంధన. కొత్త సభ్యుణ్ణి అదే జిల్లాకు చెందిన పాత సభ్యుడు ఒక్కరైనా సిఫారసు చేయాలి, జిల్లాలో లేకపోతే అదే పేరున్న ఊరివారైనా ఫరవాలేదన్న వెసులుబాటు కూడా పెట్టారు. మా జిల్లాలో మీ సభ్యులు లేరు కాబట్టి నన్ను సిఫారసు చేసేవారు లేరు, నన్ను చేర్చుకోలేదు కాబట్టి మా జిల్లాలో సభ్యులు లేరు. ఇలాంటి లెక్కను మేము తొమ్మిదో తరగతికి ఇచ్చి, సాధ్యం కాదని నిరూపించమంటాం.

అయినా నాలుగో దరఖాస్తు ఇందుతో జతపరిచాను. ఆరో గడిలో మద్రాసే రాశాను. పదకొండో గడిలో ‘బాగా తోమబడినది’ అని రాశాను. దసరా దగ్గరపడుతోంది, మా ఆవిడ చింతపండు నానబెట్టే లోపల మీ నిర్ణయం తెలియజేయగలరు. ఆలస్యమైతే పరుగెత్తేవాడికి మిగిలిన ఆ ఒక్క చెవికి కూడా నేను పూచీ పడలేను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ సభ్యుడు కాని విధేయుడు

తా.క.: మీ జవాబు కవరు మీద ఊరి పేరు సరిగా రాయించగలరు. స్టేషను పలక మీద బ్రహ్మపుర్ అని, పాత కాగితాల్లో బెర్హంపూర్ అని, మా నోట బరంపురం అని ఉండేది ఒకటే ఊరు, ఒడిశాలోది. మీరు పంపిన క్రితం రెండు ఉత్తరాలూ పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాదు జిల్లాలో ఇలాంటి పేరే ఉన్న ఊరికి చేరాయి. అక్కడి పుణ్యాత్ముడెవరో చిరునామా దిద్ది నాకు పంపారు గాని, కవరు మీది విదేశీ తపాలా బిళ్ళలు మాత్రం అంచు చిరగకుండా, ఆవిరి పట్టి, నేర్పుగా ఊడదీసి ఉంచుకున్నారు. ఆయన్ను వెంటనే సంఘంలో చేర్చుకోండి. నన్ను సిఫారసు చేయడానికి అదే పేరున్న ఊరివాడు ఒకడు దొరుకుతాడు.